ఆకాశరామన్నకి పూచీ ఎవరు?

కిందటి నెల ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. వయసులో నాకంటే బాగా చిన్నవాడు. అతనూ మరో ఇద్దరూ కలిసి ఇంటర్నెట్‌లో కథల గురించి మాట్లాడుకునే చోటొకటి నడుపుతున్నారు. "మారుపేర్లవాళ్ళతో వేగలేకపోతున్నాం సార్. అసలు పేరు, ఊరు, ఫోన్ నంబరు ఇస్తేనే మాట్లాడనిస్తాం అని నియమం పెట్టేద్దామనుకుంటున్నాం. మీరేమంటారు?" అన్నాడు. "పెట్టేయండి, పీడ వదులుతుంది" అన్నాను.

ఫోన్ పెట్టేశాక మనసు కుదురుగా లేదు. అలాంటి నియమం ఇరవయ్యేళ్ళ కిందట ఉండుంటే నేనొక తప్పుడు పని చేసేవాణ్ణి కాదు. అయితే అదే నియమం పాత రోజుల్లో ఉండుంటే నాకు ఇష్టమైన కొన్ని రాతలు అసలు వచ్చేవే కావు. ఈ రెండిట్లో ఒకటే మనసులో పెట్టుకుని సలహా ఇచ్చేశాను. ఆ తొందరపాటు దిద్దుకోవడానికి ఇది రాస్తున్నాను.

ముందు నేను చేసిన పని. 2006 ప్రాంతంలో, యూనికోడ్‌లో తెలుగు కొట్టడం చేతికొచ్చిన కొత్తలో, నాకు మూడు పేర్లుండేవి. ఒకటి అమ్మానాన్నా పెట్టింది. ఒకటి కవితల కోసం నేను పెట్టుకున్నది. మూడోది పోట్లాటల కోసం. ఆ మూడోవాడికి ఊరు లేదు, ఉద్యోగం లేదు, మొహమాటం అసలే లేదు. వాడి పేరుతో రాస్తున్నప్పుడు నా తెలుగు కూడా మారిపోయేది. వాక్యాలు పొట్టివయ్యేవి, పదునెక్కేవి. బాగా రాస్తున్నాననే అనుకునేవాణ్ణి.

ఒక రిటైర్డు మాస్టారి కథ ఒకటి అప్పట్లో పదిమందీ మెచ్చుకుంటున్నారు. ఒక సభ అయ్యాక టీ తాగుతుంటే ఎవరో అన్నారు, అది ఏదో కన్నడ కథకి దగ్గరగా ఉందట అని. ఆ రాత్రి ఇంటికొచ్చి మూడోవాడి పేరుతో రాశాను: ఇది ఒక కన్నడ కథకి మక్కీకి మక్కీ, తెలిసినవాళ్ళకి తెలుసు అని. నాకు కన్నడం రాదు. ఆ కథ పేరు తెలీదు. రాసినవాళ్ళ పేరు తెలీదు. "దగ్గరగా ఉందట" నా చేతిలోకి వచ్చేసరికి "మక్కీకి మక్కీ" అయింది.

మూడోరోజు మాస్టారు జవాబు రాశారు. ఎవరో కుర్రాడి చేత టైపు చేయించినట్టున్నారు, అక్షరదోషాలు బోలెడు. కింద పూర్తి పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు, ఫోన్ నంబరు. తన కథ మొదట ఏ వారపత్రికలో, ఏ నెలలో పడిందో చెప్పి, "ఆ కన్నడ కథ పేరు, రచయిత పేరు దయచేసి తెలియజేస్తే తెప్పించుకుని చదువుకుంటాను, పోలిక నిజమే అయితే నేనే ఒప్పుకుంటాను" అన్నారు. నేను మాట్లాడలేదు. నా బదులు వేరేవాళ్ళు మాట్లాడారు. నిప్పు లేనిదే పొగ రాదని ఒకరు, పెద్దవాళ్ళంతా ఇంతేనని ఒకరు. వారం తిరిగేసరికి నేను ఆ పేరు వదిలేసి ఇంకో పేరు పెట్టుకున్నాను. అంతే. నాకు ఖర్చయింది ఒక పేరు. అదీ ఉచితంగా వచ్చిందే.

మాస్టారి పేరు ఇక్కడ చెప్పను. చెబితే ఆ కథ చదవనివాళ్ళకి కూడా ఆయన పేరు పక్కన "కాపీ" అన్న మాటే ముందు తెలుస్తుంది. క్షమాపణలో ఉన్న ఇబ్బంది ఇది: నింద మళ్ళీ చెప్పకుండా నింద తప్పని చెప్పడం కుదరదు.

పరువునష్టం గురించి మన చట్టం ఏమంటుందో చాలా ఆలస్యంగా చదివాను. భారత శిక్షాస్మృతి 499వ సెక్షన్‌లో, అంటే 1860 నుంచీ, పుస్తక విమర్శకి ప్రత్యేకంగా ఒక మినహాయింపుంది. ఇప్పుడు ఆ సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 356 అయింది, మినహాయింపు అలాగే ఉంది. రచయిత తనంతట తాను జనం ముందు పెట్టిన రచన మీద సద్బుద్ధితో ఎంత కటువుగా అయినా అభిప్రాయం చెప్పొచ్చు. దానికిచ్చిన ఉదాహరణలు నాకు ఏ విమర్శ గ్రంథంలోనూ దొరకనంత స్పష్టంగా అనిపించాయి. ఒకడు ఒక పుస్తకం చదివి, ఇది తెలివితక్కువ పుస్తకం, రాసినవాడూ తెలివితక్కువవాడే అయుండాలి అన్నాడనుకోండి. తప్పు లేదు, ఎందుకంటే పుస్తకంలో కనిపించినంత మేరకే మనిషిని అన్నాడు. వాడే, ఈ పుస్తకం ఇలా ఉండటంలో ఆశ్చర్యమేముంది, రాసినవాడు వ్యభిచారి కదా అన్నాడనుకోండి. అది మినహాయింపులోకి రాదు. ఆ మాట పుస్తకంలోంచి పుట్టలేదు. పుస్తకం నుంచి మనిషి దాకా వెళ్ళనిస్తుంది చట్టం, మనిషి దగ్గర మొదలుపెట్టి పుస్తకానికి రానివ్వదు. మెకాలే అంటే మనకి విద్యా విధానం విషయంలో ఉన్న కోపం అలాగే ఉండనివ్వండి. ఈ స్మృతి మొదటి ముసాయిదా చేయించినాయనకి విమర్శ అంటే ఏమిటో మాత్రం తెలుసు. ఆయన స్వయంగా పేరుమోసిన సమీక్షకుడు.

నా వాక్యాన్ని అక్కడ పెట్టి చూసుకున్నాను. చెత్త కథ అనుంటే మినహాయింపులో ఉండేవాణ్ణి. కాపీ అన్నాను. అది అభిప్రాయం కాదు, జరిగిందని చెబుతున్న సంగతి. నిజమో అబద్ధమో ఏదో ఒకటే అవుతుంది, నిజమని చూపించే భారం అన్నవాడిదే. అదీకాక మన క్రిమినల్ చట్టంలో నిజం కావడం ఒక్కటే చాలదు, చెప్పడం జనహితం కోసం కూడా అయుండాలి.

తెలుగు సాహిత్య తగాదాల్లో ఈ తేడా ఎవరికీ పట్టదు. కవిత్వం తేలిపోయిందంటే పరువు తీశారని గగ్గోలు పెడతారు. అవార్డు కొనుక్కున్నాడు, ఫలానావాళ్ళ పుస్తకం దించేశాడు అంటే మాత్రం "విమర్శని తట్టుకోవాలండీ" అంటారు. రెండూ తలకిందులే.

చట్టం బాగుందన్నాను కదా అని కోర్టుకి వెళ్ళమని కాదు. 2016లో సుబ్రహ్మణ్యస్వామి కేసులో సుప్రీంకోర్టు పరువునష్టాన్ని నేరంగా ఉంచడం రాజ్యాంగబద్ధమే అంది. మనిషి పరువు 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమంది. రెండేళ్ళ దాకా జైలు వేయొచ్చు. మాటకి జైలేమిటన్న పాత అభ్యంతరం నాకు ఇంకా పోలేదు. పైగా ఆ సెక్షన్‌ని వాడుకోగలిగేది లాయర్లని పెట్టుకోగల పెద్దవాళ్ళు. మాస్టారు లాంటివాళ్ళకి అక్షరదోషాలతో జవాబు రాసుకోవడమే గతి. ఆ చట్టంలోంచి నేను తీసుకుంటున్నది శిక్షని కాదు, ఆ విభజన రేఖని.

ఇక పేరు సంగతి. తెలుగులో తిట్టు సాహిత్యానికి కొదవ లేదు. కానీ తిట్టినవాళ్ళు పేరు దాచుకున్నారా అని చూస్తే తమాషాగా ఉంటుంది. కవి చౌడప్ప అంత బూతు రాశాడు. ప్రతి పద్యం చివరా ఇంటిపేరుతో సహా తన పేరే మకుటం. తిట్టుకవిగా వేములవాడ భీమకవికి ఉన్న ప్రతాపమంతా "భీమకవి తిట్టాడు" అన్న మాటలో ఉంది. ఎవరు తిట్టారో తెలీకపోతే ఆ తిట్టుకి జనం భయపడేవాళ్ళే కాదు. వేమన విషయంలో ఇంకో రకం జరిగింది. ఎవరెవరో తాము కట్టిన పద్యాలకి ఆయన మకుటం తగిలించి వదిలేశారు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల్ని 1829లో అచ్చువేసినప్పటి నుంచీ ఏది వేమనది, ఏది కాదు అన్న తగువు నడుస్తూనే ఉంది. పేరు లేకుండా దాక్కోవడం ఒకటి, ఇంకొకరి పేరులో దాక్కోవడం ఒకటి. రెండోదాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం.

వినాయకచవితి కథ ప్రతి ఏడూ వింటాం కదా. సత్రాజిత్తు శమంతకమణి పోయిందని కృష్ణుడి మీద నీలాపనింద వేశాడు. కృష్ణుడు అడవికి పోయి, జాంబవంతుడితో పోరాడి, మణి తెచ్చి సత్రాజిత్తు చేతిలో పెట్టాడు. ఆయన సిగ్గుపడ్డాడు, తప్పు ఒప్పుకున్నాడు, సత్యభామనిచ్చి పెళ్ళి చేశాడు. ఆ నింద తొలిగింది ఎందుకంటే, మణి తీసుకెళ్ళి ఇవ్వడానికి ఎదురుగా ఒక మనిషున్నాడు. మరి సీత? వాల్మీకి ఉత్తరకాండలో ఊళ్ళో జనం అనుకుంటున్నారని భద్రుడు వచ్చి రాముడికి చెబుతాడు. ఎవరన్నారో లేదు. మన సినిమాలూ జానపద కథలూ అక్కడొక చాకలిని పెట్టి, నేరం మొత్తం ఒక పేదవాడి మీదకి తోసేశాయి, అది వేరే కథ. ఆ మాట అన్నవాళ్ళెవరూ చివరిదాకా బయటికి రాలేదు. సీత ఎవరికి జవాబు చెప్పాలి?

ఆకాశరామన్న అంటే మన ఇళ్ళల్లో భయం ఈ రెండో రకం గురించే. సంబంధం కుదిరాక పిల్ల మీద వచ్చే ఉత్తరం. ప్రమోషన్ ముందు పై ఆఫీసుకి వెళ్ళే అర్జీ. ఈ బాధ ప్రభుత్వానికీ తెలుసు. పేరు లేని, దొంగపేరుతో ఉన్న ఫిర్యాదుల మీద ఏ చర్యా తీసుకోవద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999 జూన్‌లో ఉత్తర్వు ఇచ్చింది. నా మిత్రుడు పెట్టబోయే నియమం అదే.

అయితే అయిదేళ్ళు తిరక్కుండానే ఆ నియమం ఒక్కటే చాలదని తేలింది. సత్యేంద్ర దూబే జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరు, ఐఐటి కాన్పూర్‌లో చదివినవాడు. స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అక్రమాల గురించి 2002 నవంబరులో ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాశాడు. తానెవరో దాచలేదు, ఆ వివరం మాత్రం గోప్యంగా ఉంచమని వేడుకున్నాడు. ఉత్తరం ఆ పేరుతో సహా ఆఫీసులన్నీ తిరిగింది. 2003 నవంబరు 27న గయలో అతన్ని కాల్చి చంపారు. అది దారిదోపిడీ హత్యేనని 2010లో కోర్టు తీర్పు చెప్పింది, ఆ తీర్పు మీద అనుమానాలు చాలామందికి పోలేదు. హత్య సంగతి ఎలా ఉన్నా, దాచమన్న పేరు దాచలేదన్నది రుజువైన సంగతి. ఆ గొడవలోంచే 2004లో ఒక పద్ధతి వచ్చింది. ఫిర్యాదు చేసేవాడు విజిలెన్స్ కమిషన్‌కి తన పేరు చెప్పాలి. సీలు వేసిన కవరులో పంపాలి. కమిషన్ ఆ పేరు బయటికి పోనివ్వకూడదు. ఆకాశరామన్నకి ఇక్కడా చోటు లేదు, కానీ పేరు లోకానికి చెప్పక్కర్లేదు. ఒక్కరికి చెబితే చాలు, ఆ ఒక్కరూ పూచీ పడతారు.

నేను ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ఈ పూచీ గురించే. పేరు పోయిందని మనం బాధపడుతున్నాం. పోయింది పేరు కాదని నా అనుమానం.

అచ్చు కాలంలో మారుపేర్లు ఇప్పటికంటే తక్కువేం కాదు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ 'ఇల్లాలి ముచ్చట్లు' పురాణం సీత పేరుతో రాశారు. బీనాదేవి అంటే ఒక ఆవిడ అనుకున్న పాఠకులు ఎంతమందో. భాగవతుల నరసింగరావు, త్రిపురసుందరమ్మ దంపతుల ఉమ్మడి పేరది. ఆయన న్యాయశాఖలో ఉద్యోగి. కోర్టులూ న్యాయమూ ఎలా నడుస్తాయో అంత వెటకారంగా రాయాలంటే ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఇంకో పేరు ఉండాల్సిందే. నెహ్రూ 1937 నవంబరులో మోడరన్ రివ్యూ పత్రికలో చాణక్య అన్న పేరుతో ఒక వ్యాసం రాశాడు. అందులో తిట్టింది నెహ్రూనే. ఈ మనిషికి నియంత లక్షణాలున్నాయి, మళ్ళీ కాంగ్రెస్ అధ్యక్షుణ్ణి చేయొద్దని. మారుపేరుతో తననే కొట్టుకున్నవాళ్ళు నాకు తెలిసి అరుదు.

అందరికంటే రఖ్మాబాయి. పదకొండో ఏట పెళ్ళి చేశారు. పెద్దయ్యాక కాపురానికి వెళ్ళనంది. మొగుడు 1884లో కోర్టుకెక్కాడు. ఆ కేసు నడుస్తుండగానే 1885లో టైమ్స్ ఆఫ్ ఇండియాలో బాల్యవివాహాల మీద ఉత్తరాలు రాసింది. సంతకం, ఒక హిందూ స్త్రీ. 1887లో మొగుడి దగ్గరికి వెళ్ళు, లేదా ఆరు నెలలు జైలుకి వెళ్ళు అని కోర్టు అంటే జైలుకే వెళతానంది. చివరికి రాజీ కుదిరి, లండన్ వెళ్ళి డాక్టరై వచ్చింది. పేరు చెప్పడానికి భయపడ్డ మనిషి జైలుకి సిద్ధపడుతుందా? ఆమె సంతకానికి కారణం భయం ఒక్కటే అనుకోను. ఒక ఆడమనిషి సొంత గొడవగా కొట్టిపారేయకుండా, ఆడవాళ్ళందరి మాటగా చదవాలని కూడా అయుంటుంది. ఆ ఉత్తరాల్లో ఫలానా పొరుగువాడు ఇలాంటివాడు అన్న మాట లేదు. ఆచారాన్ని నిలదీసింది. పేరు లేకపోయినా ఆ రాతలో బాధ్యత లోటు నాకు కనిపించదు.

ఈ మారుపేర్లన్నిటి వెనకా ఒక అచ్చాఫీసు ఉండేది. 1867 నాటి ప్రెస్సు చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి కాయితం మీదా ముద్రించినవాళ్ళ పేరు, ఊరు ఉండి తీరాల్సి వచ్చేది. వారపత్రిక ఆఖరి పేజీ అడుగున చీమతలంత అక్షరాల్లో ఉండే ఆ లైను మనమెవరం చదివేవాళ్ళం కాదు గానీ, పత్రికలోని మారుపేర్లన్నీ ఆ లైను మీదే నిలబడేవి. పరువు తీసే రాత అని తెలిసి అచ్చేసినవాడికీ, అమ్మినవాడికీ శిక్షాస్మృతిలో విడివిడిగా సెక్షన్లుండేవి. ఇంగ్లండులో 1769 నుంచి 1772 దాకా జూనియస్ అన్న పేరుతో రాజునీ మంత్రుల్నీ చెండాడిన ఉత్తరాలు వచ్చాయి. రాసిందెవరో ఇవాళ్టికీ ఖాయంగా తేలలేదు. అచ్చేసిన వుడ్‌ఫాల్‌కి కూడా తెలీదనే అంటారు. 1770లో బోనెక్కింది మాత్రం అతనే. తెలీని మనిషి మాటకి తన మెడ అడ్డం పెట్టాడంటే, ఆ మాట చదివి, తూచి, వేయదగ్గదే అనుకునే కదా వేసింది.

ఆ తూచే మనిషి ఇప్పుడు లేడు. ఐటి చట్టం 79వ సెక్షన్ ప్రకారం ఇతరులు రాసినదానికి, కొన్ని షరతుల మీద, చోటిచ్చినవాడు బాధ్యుడు కాడు. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 66ఎ సెక్షన్ కొట్టేసిందని అందరం పండగ చేసుకున్నాం, నేనూ చేసుకున్నాను. ఎవరికో చిరాకు తెప్పించే మాట అన్నందుకు అరెస్టు చేసే సెక్షన్ అది, పోవలసిందే. అదే తీర్పులో, కోర్టో ప్రభుత్వమో ఉత్తర్వు ఇస్తేనే చోటిచ్చినవాడు రాతని తీసేయాలి, ఎవరో ఫిర్యాదు చేస్తే చాలదు అని కూడా ఉంది. అదీ మంచిదే. లేకపోతే ప్రతి కోపిష్టివాడూ ప్రతి విమర్శనీ తీయించేస్తాడు. కానీ ఈ మంచి నిర్ణయాలన్నీ కలిసి వచ్చేసరికి, రాసినవాడు కనపడడు, అచ్చేసినవాడికి సంబంధం లేదు, నిందపడ్డవాడు కోర్టుకి వెళ్ళాలి. ఇంగ్లండువాళ్ళు 2013 పరువునష్టం చట్టంలో ఒక మధ్యేమార్గం వేశారు. రాసిందెవరో బాధితుడు కనుక్కోగలిగితే చోటిచ్చినవాడికి రక్షణ ఉంటుంది. కనుక్కోలేని పరిస్థితిలో ఫిర్యాదు వచ్చినా, చట్టం చెప్పిన ప్రకారం స్పందించకపోతే ఆ రక్షణ పోతుంది. అంటే, ఎవరినైనా ముసుగులో మాట్లాడనివ్వు, కానీ ఆ ముసుగుకి పూచీ నీది.

అందరి చేతా అసలు పేర్లు చెప్పిస్తే సరిపోదా అంటే, దక్షిణ కొరియా ఆ పని చేసి చూసింది. 2007లో పెద్ద పెద్ద సైట్లలో గుర్తింపు రుజువు చేసుకుంటే గానీ రాయకూడదని చట్టం తెచ్చారు. చెడ్డ రాతలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. జనం వివరాలన్నీ కుప్పలుగా ఒకచోట చేరి, 2011లో దాదాపు మూడున్నర కోట్లమంది సమాచారం దొంగల పాలయింది. 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. అంత దూరం ఎందుకు, మన ఫేస్‌బుక్‌లో పిల్లల ఫోటోలు పెట్టుకుని, ఉద్యోగం, ఊరు, చదివిన కాలేజీ అన్నీ రాసుకుని, ఆడవాళ్ళని అసహ్యంగా తిట్టేవాళ్ళు ఎంతమంది లేరు? పేరు చెప్పుకోవడం వాళ్ళకి అడ్డమే కాలేదు.

తెలుగులో "పేరు చెప్పు" అన్న మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. పేరు చెప్పాక "ఇంటిపేరు?" అంటారు. ఇంటిపేరు చెప్పాక "ఏ ఊరు మీది?" అంటారు. మూడో ప్రశ్న అయ్యేసరికి అడిగినవాడికి కావలసిన సంగతి తెలిసిపోతుంది, మాట విలువ అక్కడే ఖరారవుతుంది. పేరుతో రాయండి, ధైర్యంగా రాయండి అని సభల్లో చెప్పేవాళ్ళు ఎక్కువగా పేరు వల్ల గౌరవమే తప్ప నష్టం ఎరగనివాళ్ళు. నేనూ ఆ బాపతే. కొత్తగా రాస్తున్న ఒక దళిత యువకుడో, అత్తగారింట్లో ఉండి రాస్తున్న ఒక అమ్మాయో మారుపేరు పెట్టుకుంటే, దాన్నీ 2006లో నా మూడోవాడినీ ఒకే గాట కట్టడం అన్యాయం. వాళ్ళు దాస్తున్నది, బయటపడితే దెబ్బలు తినే ఒళ్ళు. నేను దాచింది కర్ర పట్టుకున్న చెయ్యి.

నిలకడగా ఉన్న మారుపేరుకి కూడా ఒక పరువుంటుందని నా అనుభవం. పదేళ్ళుగా ఒకే కలంపేరుతో సమీక్షలు రాసేవాళ్ళు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు, వాళ్ళెవరో తెలీదు. తప్పు రాస్తే మర్నాడు దిద్దుకుంటారు. ఆ పేరు పాడైపోకూడదన్న భయం వాళ్ళకి ఉంది. నా మూడోవాడికి ఆ భయం లేదు, ఎందుకంటే వాణ్ణి వదిలేయడం నాకు క్షణం పని.

అందుకని మిత్రుడికి మళ్ళీ ఫోన్ చేశాను. పాత సలహా వెనక్కి తీసుకున్నాను. కథ బాగోలేదు, కవిత్వం అర్థం కాలేదు అనేవాడు ఏ పేరుతో వచ్చినా రానివ్వండి, అది పుస్తకం మీద మాట. ఒక మనిషి ఫలానా పని చేశాడు అని ఎవరైనా రాస్తే మాత్రం దాన్ని ఆపి, మీలో ఒకరు ఆ రాసినవాళ్ళతో విడిగా మాట్లాడండి. వాళ్ళెవరో మీకు తెలియాలి, లోకానికి చెప్పక్కర్లేదు. ఆధారం ఏమిటో అడగండి. వేశారా, ఇక అది మీ మాట కూడా. "అంత పని ఎవరు చేస్తారు సార్, మావన్నీ ఉద్యోగాలు" అన్నాడు. నిజమే. వుడ్‌ఫాల్‌కి అదే ఉద్యోగం. ఈ కుర్రాళ్ళు రాత్రి పదకొండింటికి పిల్లల్ని పడుకోబెట్టి ఇది నడుపుతున్నారు. దానికి నా దగ్గర సమాధానం లేదు. రోజుకి వంద మాటలు తూచలేకపోతే పదే వేయండి అన్నాను. అతనికి నచ్చినట్టు లేదు.

మాస్టారిని నేను ఒకసారి చూశాను. విజయవాడ పుస్తక ప్రదర్శనలో, ఆ గొడవ జరిగిన ఏడెనిమిదేళ్ళకి. కొత్త సంపుటం వచ్చింది, స్టాలు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. నా అసలు పేరు చెబితే, "మీ వ్యాసాలు చదువుతుంటానండీ" అని సంతోషంగా చెయ్యి పట్టుకున్నారు. పుస్తకం కొని విషయసూచిక చూశాను. ఆ కథ లేదు. తెలిసీ అడిగాను, "అది వేయలేదేం మాస్టారూ?" అని. "దాని మీద ఏదో మాటొచ్చిందిలెండి. ఎందుకొచ్చిన గొడవ" అన్నారు, సంతకం పెడుతూ. అప్పుడు చెప్పి ఉండాల్సింది. వెనకాల ఇంకొకాయన పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు, నేను పక్కకి జరిగాను.

మాస్టారు ఇప్పుడు లేరు. చనిపోయినవాళ్ళ మీద వేసిన నింద కూడా, వాళ్ళవాళ్ళని బాధపెట్టాలని చేసిందైతే, పరువునష్టమే అవుతుందని ఆ 499లోనే ఉంది. బాధపెట్టాలని నేను అనుకోలేదు గానీ, పెట్టాను. ఈ వ్యాసం మొదలుపెట్టే ముందు పుస్తకం వేసినవాళ్ళ దగ్గర నంబరు తీసుకుని ఆయన కూతురికి ఫోన్ చేసి, ఆ రాసింది నేనేనని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ పేరుగలాయన ఎవరో కనుక్కోమని నాన్నగారు చాలామందిని అడిగారండీ. ఆ కన్నడ కథ చదవాలని" అంది. తిట్టలేదు. ఆ మాట అక్కణ్ణుంచి తీయించగలరా, నాన్నగారి పేరు కొడితే ఇప్పటికీ అదే ముందొస్తోంది అని మాత్రం అడిగింది.

ఆ చోటు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో వెతుక్కుని వాళ్ళకి రాశాను. మర్యాదగానే జవాబిచ్చారు. రాసినవాళ్ళే అడిగితే తీసేస్తారట, ఆ ఖాతా తెరిచినప్పటి మెయిల్ నుంచి ఒక ముక్క రాయమన్నారు. ఆ మెయిల్ నేను వాడటం మానేసి పద్దెనిమిదేళ్ళయింది, తెరుచుకోవడం లేదు. అలా కుదరకపోతే కోర్టు ఉత్తర్వు అయినా సరేనన్నారు. వాళ్ళని తప్పుపట్టలేను. నాలా ఎవరైనా వచ్చి ఇంకొకరి మాట తమదేనని చెబితే నమ్మి తీసేయలేరు కదా. ఆ మాట అన్నది నేనేనని చూపించడానికి నా దగ్గర ఒక్క ఆధారమూ లేదు.

నిన్న రాత్రి మళ్ళీ చూశాను. నా రెండు వాక్యాలూ అలాగే ఉన్నాయి. వాటి కింద మాస్టారి జవాబు, ఇంటి నంబరుతో సహా.